పన్నెండు చోట్ల ‘లేవు’

ఇళ్లకీ దుకాణాలకీ ప్లాన్లు గీయడం నా పని. ఏ గోడ ఎక్కడ లేవాలో, ఏది పోవాలో కాగితం మీద నేను చెబుతాను, మేస్త్రీలు నేల మీద చేసి చూపిస్తారు. పదహారేళ్లుగా ఇదే బతుకు. నా గీత వల్ల ఇంతవరకూ ఎవరి చిటికెన వేలికీ దెబ్బ తగల్లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభై దాకా చెప్పుకున్నాను.

ఆ రోజు జరిగింది చెబుతాను. నా పరువు నిలిచేలా చెప్పే పద్ధతి కూడా ఒకటుంది. అది నాకు బాగా వచ్చు, కానీ ఇక్కడ దాని జోలికి పోను.

ముందు నిబంధనల సంగతి. ఏడాది కిందట కట్టడాల భద్రతా నిబంధనలు సవరించారు. అంతకు ముందు పనిలో ఎవరికైనా ఏమైనా అయితే ఆ తలనొప్పంతా కాంట్రాక్టరుదే. ఇంటి యజమాని నాకేం తెలుసనేవాడు. డిజైనరు నేను గీశానంతే అనేది. ఇద్దరం చేతులు దులుపుకుని ఎవరి దారిన వాళ్లం పోయేవాళ్లం. సవరించాక అలా కుదరదు. పాత కట్టడంలో పని చేయించే యజమాని, దాని గురించి తనకు తెలిసినదంతా ముందుగా రాసివ్వాలి. అది చేతికి వచ్చాకే, నా గీత వల్ల ఎవరికి ఏ ప్రమాదం రావచ్చో ఆలోచించుకుని, నేను పెన్సిలు పట్టాలి. ఇద్దరి సంతకాలూ ఉండాలి.

దీని మీద మాకు ఒకరోజు క్లాసు పెట్టారు. చెప్పినావిడ చాలా ఏళ్లు తనిఖీ అధికారిగా చేసి వచ్చిన మనిషి, నవ్వడం మర్చిపోయి చాలా కాలమైనట్టుంది. పన్నెండు ప్రశ్నలున్న ఫారం ఒకటి చేతిలో పట్టుకుని, ఇది యజమానే తన చేత్తో నింపాలి, మీరు నింపకండి, అని మూడుసార్లు చెప్పింది. వెనక బెంచీల్లో మేము నలభైమందిమీ ముసిముసిగా నవ్వుకున్నాం. మాకు తెలియని యజమానులా? ఫారం అనగానే వాళ్లకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. ‘నువ్వే ఏదో ఒకటి రాసెయ్యి, సంతకం ఎక్కడో చూపించు’ అనడం వాళ్ల మామూలు. ఆ సాయంత్రానికే మాలో ఒక పుణ్యాత్ముడు ఫారం నింపేసి అందరి ఫోన్లకీ పంపాడు. పన్నెండు ప్రశ్నలు, పన్నెండు చోట్లా ‘లేవు’. పైన చిరునామా ఒక్కటి మార్చుకుంటే చాలు. నేను దాన్ని ఆరు పనులకి వాడాను. ఏడోది మా బావ ప్రెస్సు.

మా అక్క భర్త వాళ్ల నాన్నగారి కాలం నుంచి ప్రింటింగు ప్రెస్సు నడుపుతున్నాడు. కింద ప్రెస్సు, పైన ఇల్లు. పైన అక్క, బావ, అక్క అత్తగారు ఉంటారు. అక్క ఆసుపత్రిలో నర్సు, పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతుంది. అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి, మెట్లు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆవిడ ఫోను కూడా వద్దంది. తనతో మాట్లాడాలనుకున్నవాళ్లు ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడాలని ఆవిడ పట్టుదల.

బావ కొత్త యంత్రం కొన్నాడు. అది పొడుగైంది. ప్రెస్సు హాలుకీ పక్కన కాగితం రీములు పెట్టుకునే గదికీ మధ్య గోడ తీస్తే గానీ పట్టదు. మరదలు డిజైనరుగా ఉండగా ఇంకొకరి దగ్గరికి ఎందుకు వెళతాడు? టేపు పట్టుకుని ఒక మధ్యాహ్నం వెళ్లి కొలిచాను. మామూలు అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలుంటుంది. టేపు తొమ్మిది చూపించింది. ఇదేంటి ఇంత లావుగా ఉంది అనిపించింది, ఆ మాట నాకు స్పష్టంగా గుర్తుంది. పైన గోడ మొదలుకుని హాలుకి అడ్డంగా, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క పెట్టె ఒకటి కప్పుకి అంటుకుని ఉంది. దానికి మేకులు కొట్టి పాత కేలండర్లు తగిలించారు. వైర్లు దాచుకోవడానికి పెట్టి ఉంటారనుకున్నాను. అంతలో అక్క పైనుంచి టీ చల్లారిపోతోందని కేకేసింది. పాతకాలం వాళ్లకి ఇటుకంటే లెక్కుండేది కాదులే అనుకుని టేపు చుట్టేసి పైకి వెళ్లిపోయాను.

టీ తాగుతూనే ఫారం తీశాను. చిరునామా మార్చి తెచ్చాను కాబట్టి పని సులువు. బావ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. నువ్వుండగా నాకేంటి భయం అని సంతకం గీకేశాడు. దాని పక్కన నాది. అత్తగారు మంచం మీద నుంచి అదేం కాగితమని అడిగింది. ఏదో గవర్నమెంటు గొడవలే అని బావ అన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఆ ఫారం మీద ఆధారపడి భద్రతా ప్రణాళిక రాశాను. తీసే గోడ మీద పై బరువేమీ లేదని రాశాను. కాబట్టి పై అంతస్తులో ఉన్నవాళ్లు ఖాళీ చేయనవసరం లేదని కూడా రాశాను. పద్నాలుగో అంశంగా, పని జరిగేచోట ఎవరూ ఫోను వాడకూడదనీ, అందరి ఫోన్లూ గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేయాలనీ రాశాను. ఫోను చూసుకుంటూ పరంజా మీంచి పడిపోయిన కూలీ గురించి క్లాసులో విన్నప్పటి నుంచి దాన్ని ప్రతి పనిలోనూ రాస్తున్నాను. యజమానే ఆదర్శంగా ఉండాలని బావని ఆటపట్టించాను. ఆయన దాన్ని మనసుకి పట్టించుకుని తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. హెల్మెట్టు కూడా కొనుక్కున్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి గోడ పని మొదలైంది. నేను నా ఆఫీసు గదిలో వేరే ప్లాను దిద్దుకుంటున్నాను. తొమ్మిదీ నలభైకి ఆసుపత్రి నుంచి అక్క ఫోను. ఊరికేనే చేసింది. గోడ పోతుంటే తనకేదో దిగులుగా ఉందట. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు దాని పక్కనే నిలబడి మామగారి నిర్వాకం చూసిందట.

ఏం నిర్వాకమని నవ్వుతూ అడిగాను.

అక్క చెప్పుకుంటూ పోయింది. అప్పట్లో మామగారు కాగితం కోసే పెద్ద యంత్రం తెప్పించారట. హాలు మధ్యలో స్తంభం ఉండేదట, యంత్రం దాన్ని దాటి తిరగలేదట. ఆయన అసలే కోపిష్ఠి. సెలవు రోజు చూసి మేస్త్రీని పిలిపించి, రాత్రయ్యేలోగా స్తంభం తీయించేశారట. దాని బదులు కప్పు కింద అడ్డంగా ఇనప దూలం పెట్టించారట. చూడ్డానికి బాగాలేదని దాని చుట్టూ చెక్క కొట్టించి రంగు వేయించారట.

నా చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

“అక్కా, ఆ దూలం రెండో కొస దేని మీద పెట్టారు?”

“ఇంక దేని మీద పెడతారే, ఆ గోడ మీదే. అందుకే కదా దాన్ని లావుగా కట్టించింది.”

పై అంతస్తు సగం బరువు ఆ దూలం మీద ఉంది. దూలం ఆ గోడ మీద ఉంది. నలభై నిమిషాలుగా ఆ గోడని సుత్తులతో కొడుతున్నారు. కొట్టమని రాసింది నేను. పైన మంచం మీద, ఒక్కతే మెట్లు దిగలేని పెద్దావిడ ఉంది.

అక్కకి చెప్పాను. ఏడవలేదు, అరవలేదు. అత్తయ్య పైనే ఉందే, అని మాత్రం అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఫైరింజన్ వాళ్లకి తను చెబుతానంది, నన్ను వెంటనే బయల్దేరమంది. మెట్లు దిగుతూ మేస్త్రీకి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. బావకి చేశాను. మోగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది పద్నాలుగో అంశం. రెండు ఫోన్లూ గేటు పక్కన ఇనప పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకుని మోగుతూ ఉంటాయి. ప్రెస్సుకి ఎదురుగా ఉన్న టైలరుకి చేశాను. అతను కొట్టు తెరిచేది పదకొండింటికి. నేనింకా ఇంట్లోనే ఉన్నానండీ, ఏమైనా కొలతలివ్వాలా, అని అడిగాడు పాపం.

స్కూటరు మీద ఇరవై నిమిషాల దారి. ఆ ఇరవై నిమిషాల్లో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా గోడలో ఎన్ని వరసల ఇటుక ఉంటుందో లెక్కేసుకున్నాను. గంటకి ఎంత కొడతారో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. ముందు పైనుంచి మొదలుపెడతారు. మంచి మేస్త్రీ ఎవరైనా గోడని పైనుంచే తీస్తాడు. అంటే దూలం కొస కింది ఇటుకలే అన్నిటికంటే ముందు పోతాయి. నా కంటికి దూలం జారడం, దాని వెంట మంచం జారడం కనిపిస్తూనే ఉంది. కళ్లు మూసుకుందామంటే స్కూటరు నడుపుతున్నాను. బతికుంటే చాలు, అందరూ బతికుంటే చాలు, నన్ను జైల్లో పెట్టినా ఫరవాలేదు అని పైకే అనుకున్నాను. పక్క స్కూటరాయన నా వైపు వింతగా చూశాడు. నిజం చెప్పాలంటే, రెండో సిగ్నలు దగ్గర ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఫారం మీద ముందున్నది బావ సంతకం కదా, నాది తర్వాతది కదా అని. ఆ ఆలోచనకి నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్రెస్సున్న వీధిలోకి తిరిగాను. సుత్తి చప్పుడు లేదు. అంతా అయిపోయిందేమోననుకున్నాను.

మేడ నిలబడే ఉంది. గేటు పక్కన నలుగురు కూలీలూ మేస్త్రీ టీ తాగుతున్నారు. తలకాయలు లెక్కపెట్టుకున్నాను. ఐదు. బావ లేడు. ఎక్కడని అడిగితే, కాగితాల మీద దుమ్ము పడిందని లోపల దులుపుకుంటున్నాడని చెప్పారు.

గుమ్మంలోంచి చూశాను. గోడ పైన ఒక పక్కగా మనిషి పట్టేంత కంత పడి ఉంది. దాని అంచుకి ఆనుకునే ఆకుపచ్చ చెక్క పెట్టె గోడలోకి దిగి ఉంది. సరిగ్గా దాని కింద నిలబడి, హెల్మెట్టు వెనక్కి తిప్పి పెట్టుకుని, మా బావ గుడ్డతో రీముల మీద దుమ్ము తుడుస్తున్నాడు. గట్టిగా పిలవడానికి భయమేసింది. నా గొంతుకే అది కూలిపోతుందేమో అనిపించింది. ఎంతో మామూలుగా, బావా ఒకసారి ఇలా రండి, అన్నాను. ఈ రెండు కట్టలూ అయిపోనీ అన్నాడాయన. ఇప్పుడే రండి, అన్నాను. నా మొహం చూసి గుడ్డ అక్కడే వదిలేసి వచ్చాడు.

మేస్త్రీ పేరు అందరూ మర్చిపోయారు. ప్రతి పనికీ ముందు నిదానం, నిదానం అంటుంటాడని అదే పేరైపోయింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, మీరే వచ్చారు, మంచిదైంది. ఈ గోడ నాకు నచ్చలేదు. ఉత్త అడ్డుగోడైతే ఇటుక లాగితే ఊడొస్తుంది. ఇది గునపాన్ని పట్టేసుకుంటోంది. పైనుంచి ఏదో అదుముతోందనిపించింది.”

“మరి ఆపలేదేం?”

“ఆపుదామనే అన్నాను. మీకు ఫోను చేద్దామన్నాను. సారు కాగితం తీసి చూపించారు. ఏమీ లేవని పన్నెండు చోట్ల రాసుంది, కింద మీ సంతకం ఉంది. ఇంత చదువుకున్నావిడ రాసిందాని ముందు నా చెయ్యి చెప్పేదెంతలే అనుకున్నాను. టీ తాగి ఆ మిగతాది కొట్టేద్దామనుకున్నాం.”

ఆయన నన్ను నిందించలేదు. నిందించి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ముప్ఫయ్యేళ్లుగా గోడలు కొడుతున్న చెయ్యి వద్దంది. దాని నోరు నొక్కింది నా ‘లేవు’.

అక్క చెప్పింది ఇద్దరికీ చెప్పాను. అప్పటికి పెళ్లయినా చదువు పూర్తికాక బావ హాస్టల్లో ఉన్నాడట. స్తంభం పోయిందని మాత్రం తెలుసు, పోయాక దాని బరువు ఎక్కడికి వెళ్లిందో ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు. అంటూనే అమ్మా అని లోపలికి పరుగెత్తబోయాడు. మేడ మెట్లు హాలు చివరన, ఆ దూలం దాటాక ఉన్నాయి. నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను. పుట్టి బుద్ధెరిగాక బావ చొక్కా పట్టుకోవడం అదే మొదలు.

నిదానం తన వ్యానులోంచి రెండు ఇనప జాకీలు దింపించాడు. తిప్పితే పొడుగై కప్పుని ఎత్తిపట్టే గొట్టాలవి. ఈ పనికి అవి అక్కర్లేదని నేను రాశాను. ఆయన వ్యానులో అవి ఎప్పుడూ ఉంటాయి, ఎవరేం రాసినా సరే.

ముందు దూలం కొస కింద ఒకటి పెట్టాలి. ఆ కొస ఎక్కడుందో చూసి చెప్పాల్సింది నేనే. ఎవరూ లోపలికి పోకూడదని చెప్పాల్సినదాన్నీ నేనే. పైన మనిషి లేకపోతే అదే చెప్పేదాన్ని. ఇద్దరం లోపలికి వెళ్లాం. నిదానం గునపం మొనతో చెక్క పలకని మెల్లిగా ఎత్తాడు. ఊడొచ్చింది. లోపల తుప్పు పట్టిన ఇనప దూలం. దాని కొస కింద మిగిలినవి రెండున్నర ఇటుకలు. అందులో ఒకటి అడ్డంగా చిట్లి ఉంది. మేము చూస్తుండగానే ఆ చిట్లిన చోటు నుంచి ఎర్రటి పొడి సన్నగా రాలి నా చెప్పు మీద పడింది.

ఆయన జాకీ నిలబెట్టాడు, నేను కింది పలక జరక్కుండా పట్టుకున్నాను. ఆయన తిప్పుతుంటే దూలం ఒక్కసారి మూలిగింది. పొడి రాలడం ఆగింది.

బావా ఒక కూలీ కలిసి మెట్లెక్కి పెద్దావిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దింపుకొచ్చారు. వాళ్లు దూలం కింది నుంచి దాటిన నాలుగు అడుగులూ నేను జాకీ కింది పలక వదల్లేదు. ఆవిడ మాత్రం ఊడిన చెక్కనీ తుప్పు దూలాన్నీ తలెత్తి తీరిగ్గా చూసుకుంటూ వచ్చింది.

వీధి దాటించి టైలరు కొట్టు అరుగు మీద కూర్చోబెట్టాం. ఫైరింజన్ ఊరవతల నుంచి రావాలి. దూలం మధ్యలో ఇంకో జాకీ పెడితే అందాకా ధైర్యంగా ఉంటుందని నిదానం అన్నాడు. మధ్యలో ఎక్కడ పెట్టమంటారని నన్నడిగాడు. తీసేసిన పాత స్తంభం ఉన్నచోటే పెట్టమన్నాను. స్తంభం పోయినా కింద దాని పునాది ఉంటుంది, అంతకంటే గట్టి చోటు హాల్లో ఇంకోటి ఉండదు. అంత భయంలోనూ నా తెలివి పనిచేస్తున్నందుకు కాస్త ముచ్చటేసింది కూడా. గచ్చులో రంగు తేడాగా ఉన్న చదరం గుమ్మంలోంచి చూపించాను. ఆయన రెండో జాకీ భుజానేసుకుని ఒక్కడే లోపలికి వెళ్లాడు. మిగతావాళ్లని రావద్దన్నాడు.

బావ నా పక్కన కూర్చున్నాడు. ఎవరికీ ఏం కాలేదు కదా, అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ ఫారం కొత్తది ఒకటి రాసుకుందామా, పాత తేదీ వేసి, అన్నాడు. చెడ్డవాడు కాదు మా బావ. భయపడ్డాడు, అంతే. నాకూ నోరూరింది. కొత్త ఫారంలో ఐదో ప్రశ్న దగ్గర ఒక్క ముక్క మారిస్తే చాలు, నా పదహారేళ్ల పేరు నాకు మిగులుతుంది. సవరించిన నిబంధనల ప్రకారం ఇలాంటిది జరిగితే ఇద్దరమూ రాసి పంపాలి. పంపితే నేను ఈ పనిలో ఉంటానో లేదో.

పెద్దావిడ విన్నది.

“ఏం ఫారంరా అది? ఆ రోజు గవర్నమెంటు గొడవన్నావు, అదేనా?”

నేను సంచిలోంచి ఫారం తీసి, ఐదో ప్రశ్న ఆవిడకి చదివి వినిపించాను. ఈ కట్టడంలో ఇంతకు ముందు గోడలు గానీ స్తంభాలు గానీ తీసివేయడం జరిగిందా?

“తీశారు. నేను వద్దని మొత్తుకున్నాను. మీ అక్క మామగారు విన్లేదు,” అంది ఆవిడ. “ఆ మాట నన్నడిగితే ఆ రోజే చెప్పేదాన్ని కదమ్మాయ్. నా మంచం పక్కనే కూర్చుని టీ తాగావు.”

తలెత్తలేకపోయాను. తలెత్తకుండా ఉండటానికే ఆరోది చదివాను. కప్పు మీద తర్వాత వేసిన బరువులున్నాయా? లేవంది. నిజంగానే లేవు. ఏడోది కరెంటు తీగల గురించి. అది బావే చెప్పాడు. ఎనిమిదోది చదివాను. నేల కింద పూడ్చిన గోతులు, తొట్లు, కాలవలు ఉన్నాయా?

లేవు, అన్నాడు బావ.

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. “ఎందుకు లేవురా. స్తంభాన్ని మొదలుకంటా తవ్వి తీశారు కదా, అంత గొయ్యి పడింది. పూడ్చడమెందుకని మీ నాన్న దాన్నే సిరా కడిగిన నీళ్లకి తొట్టి చేయించారు. పాత అచ్చు యంత్రం పోయాక పైన పలక పరిచి గచ్చు చేయించారు. రంగు కలవలేదని ఎన్నాళ్లో సణిగారు.”

రంగు కలవని చదరం. దాని మీదే నిదానాన్ని నిలబెట్టాను నేను. ఈసారీ ఎవర్నీ అడగలేదు. ఉంటుందిలే అనుకున్నాను, అప్పుడు లేదులే అనుకున్నట్టే.

వీధి ఎలా దాటానో తెలియదు. గుమ్మం దగ్గర ఆగాను. ఆయన రెండు చేతులతో జాకీ మర తిప్పుతున్నాడు, పై కొస దూలానికి ఇంకా బెత్తెడు కింద ఉంది. అడుగు పలక చుట్టూ గచ్చులో సన్నటి తెల్ల గీత కనిపించింది. ఆయనకి అది కనిపించదు, ఆయన పైకి చూస్తున్నాడు.

“మేస్త్రీగారూ, చేతులు తీసేయండి. మీ కింద నేల లేదు. గోడ పక్కగా బయటికి రండి.”

ఎందుకని అడగలేదాయన. నా మాట అప్పటికే ఒకసారి నమ్మి ఉన్నాడు. ఈసారి ఎలా నమ్మాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మర వదిలి, ఒక్కొక్క అడుగే వేస్తూ, గోడ వెంబడే నా వైపు వచ్చాడు. గుమ్మం దాటి నా పక్కన రెండో కాలు పెట్టాడు. వెనక చిన్న చప్పుడైంది. చూస్తే గచ్చు చదరం విరిగి లోపలికి పోయింది. దాని వెంటే జాకీ నిలువునా దిగిపోయి, ఒక మూరెడు ముక్క మాత్రం పైకి మిగిలింది. గొయ్యిలోంచి పాత సిరా వాసన వచ్చింది. గోడ దగ్గర మొదటి జాకీ మాత్రం దూలాన్ని మోస్తూ అలాగే ఉంది.

నిదానం ఆ గొయ్యి వైపు చాలాసేపు చూశాడు. హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంట్లో మా అమ్మాయికి ఇవాళ తొందరగా వస్తానని చెప్పానమ్మా, అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరుగు దగ్గరికి తిరిగొచ్చాను. దూరంగా ఫైరింజన్ కూత వినబడుతోంది. పాత ఫారం చింపలేదు. మడిచి నివేదికతో పంపడానికి సంచిలో పెట్టాను. క్లాసులో ఇచ్చినప్పటి నుంచి సంచిలోనే ఉన్న ఖాళీ ఫారం, ‘లేవు’లు లేనిది, ఒకటి తీశాను. ఆ రోజు తేదీ వేసి, పెన్నుతో పాటు బావ చేతికిచ్చాను. ఆయన జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు.

“మొదటి నుంచీ చదువు అమ్మాయ్,” అంది పెద్దావిడ. “మెల్లిగా చదువు.”

బావ భుజం మీంచి చూసి మొదటి ప్రశ్న చదివాను.